ముందు నీళ్ళ దారి, తర్వాతే కరెంటు దారి: డిష్‌వాషర్ పదేళ్ళు నడవాలంటే

(నెల్లూరులో గృహస్థులకూ, ఇంటి యంత్రాల మరమ్మతు నేర్చుకుంటున్న కుర్రవాళ్ళకూ కలిపి చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం.)

అందరికీ నమస్కారం.

డిష్‌వాషర్ ఆగిపోయిందని మెకానిక్కును పిలిస్తే, మన దగ్గర మొదట వినపడే మాట "బోర్డు పోయిందండీ". యంత్రాన్ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డులు పోతాయి, కాదనను. కానీ మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ యంత్రాన్ని ఎక్కువగా చంపేది నీళ్ళు. గార కట్టే నీళ్ళు, ఒత్తిడి చాలని నీళ్ళు, బయటికి పోలేక అడుగున నిలిచిపోయిన నీళ్ళు. కాబట్టి తమ్ముళ్ళూ, మీకు నేను ఈరోజు చెప్పేది ఒకటే. యంత్రం ముందు కూర్చోగానే మల్టీమీటర్ తీయొద్దు. నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయి, లోపల ఎట్టా తిరుగుతున్నాయి, ఎట్టా పోతున్నాయి, ముందు అది చూడండి.

లోపల జరిగేది చాలా సాదా పని. ఇన్‌లెట్ వాల్వు తెరుచుకుంటుంది, మూడు నాలుగు లీటర్ల నీళ్ళు లోపలికొస్తాయి. వచ్చే దారిలో నీళ్ళను మెత్తబరిచే వాటర్ సాఫ్ట్‌నర్ గుండా వస్తాయి. అడుగున గుంట లాంటి చోట చేరతాయి. సర్క్యులేషన్ పంపు ఆ నీళ్ళనే పైకి తోస్తుంది, నీళ్ళు చిమ్మే తిరిగే చేతుల (స్ప్రే ఆర్ముల) రంధ్రాల్లోంచి అవి గిన్నెల మీద పడతాయి, జాలీల్లోంచి మళ్ళీ అడుక్కి దిగుతాయి, మళ్ళీ పైకెక్కుతాయి. హీటర్ వేడి చేస్తుంది. పనయ్యాక డ్రెయిన్ పంపు బయటికి తోసేస్తుంది. ఇట్టా మూడు నాలుగు దఫాలు. మొత్తం మీద 10 నుంచి 14 లీటర్లు. అంటే ఆ కాసిని నీళ్ళే గంటల తరబడి తిరుగుతుంటాయి. వాటిలో ఇసుక ఉంటే ఇసుక తిరుగుతుంది, ఆవాలుంటే ఆవాలు తిరుగుతాయి. బ్రష్షు లేదు, పీచు లేదు. కడిగేది నీటి దెబ్బ, వేడి, పొడిలోని రసాయనం, ఈ మూడే. ఒకటి తగ్గితే మిగతా రెండూ ఆ లోటు పూడ్చలేవు.

ఇక నీళ్ళ సంగతి. దీని మీద కొంచెం ఎక్కువసేపే మాట్లాడతాను.

పెన్న నీళ్ళు మున్సిపల్ కొళాయిలో వచ్చే ఇల్లు వేరు, అదే వీధిలో బోరు మీద నడిచే ఇల్లు వేరు. ఒంగోల్లో సాగర్ కాలువ నీళ్ళకూ, అదే ఇంటి బోరు నీళ్ళకూ పోలికే లేదు. నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం వేడి తగలగానే తెల్లటి పొరగా పేరుకుంటాయి. అదే గార. అది మొదట పేరుకునేది హీటర్ మీద, ఎందుకంటే ఎక్కువ వేడి అక్కడే. గార పట్టిన హీటర్ తన వేడిని నీళ్ళకు ఇయ్యలేక తనే మాడిపోతుంది. తర్వాత తిరిగే చేతుల రంధ్రాలు సన్నబడతాయి. ఆ తర్వాత నీళ్ళను కొలిచే చిన్న చక్రం బిగుసుకుపోతుంది. అప్పుడు యంత్రానికి ఎన్ని నీళ్ళు తీసుకుందో తెలియదు.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు. టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన లవణాలన్నిటి మొత్తం, కొలిచే మీటర్ నీళ్ళలో ముంచి, 800 చూపించింది కాబట్టి గార కడుతుందంటారు. టీడీఎస్ వేరు, కాఠిన్యం వేరు. కాఠిన్యమంటే అందులో కాల్షియం, మెగ్నీషియం వాటా మాత్రమే. తీరం పక్కన కొత్తపట్నం, మైపాడు లాంటి చోట్ల టీడీఎస్‌లో పెద్ద వాటా మామూలు ఉప్పుదే. అది గార కట్టదు, కానీ స్టీలును సూది గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలుగా తినేస్తుంది. సాఫ్ట్‌నర్ దాన్ని తీయలేదు. కనిగిరి వైపు వాళ్ళు ఫ్లోరైడ్ గురించి అడుగుతారు. తాగే నీళ్ళకు అది పెద్ద బాధే, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, కానీ డిష్‌వాషర్‌లో గారకు కారణం అది కాదు. కొలవాల్సింది మొత్తం కాఠిన్యం. యంత్రంతో పాటు ఒక పరీక్ష కాగితం పట్టీ ఇస్తారు. లేకపోతే నీటి పరీక్ష చేసే ల్యాబులో అడగండి. తాగునీటి భారతీయ ప్రమాణంలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్ళు లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు.

డిష్‌వాషర్ పుస్తకంలో మాత్రం లెక్క జర్మన్ డిగ్రీల్లో ఉంటుంది. ఒక డిగ్రీ అంటే సుమారు 18 మిల్లీగ్రాములు. మీ నీళ్ళు 500 అయితే 18తో భాగించండి, 28 డిగ్రీలు వస్తుంది. యంత్రంలో ఆ అంకెకు తగిన సాఫ్ట్‌నర్ మెట్టు (సెట్టింగు) పెట్టాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు మధ్యస్థంగా ఉన్న మెట్టు మీద ఉంటుంది, బిగించడానికి వచ్చినవాళ్ళు దాన్ని ముట్టుకోకుండా పోతారు. అమ్మా, ఇంటికి వెళ్ళగానే పుస్తకం తీసి మీ యంత్రం ఏ మెట్టు మీద ఉందో చూసుకోండి. ఇవాళ్టి మాటల్లో ఈ ఒక్కటి పాటించినా హీటర్ ఆయుష్షు పెరుగుతుంది.

సాఫ్ట్‌నర్‌కు హద్దుంది. కొన్ని మోడళ్ళు 35 డిగ్రీల దాకా, కొన్ని 50 దాకా తట్టుకుంటాయి. 50 అంటే లీటరుకు దాదాపు 900 మిల్లీగ్రాములు. అంతకు మించిన బోరైతే ఆ లైనుకు డిష్‌వాషర్ తగిలించొద్దు. దానికి దారుంది. మిద్దె మీద 200 లీటర్ల చిన్న ట్యాంకు వేరుగా పెట్టి, మున్సిపల్ నీళ్ళతో నింపి, అక్కడినుంచి యంత్రానికి మాత్రం ఒక పైపు దించండి. కడిగిన ప్రతిసారీ 14 లీటర్లనుకున్నా పధ్నాలుగు సార్లకు వస్తాయి.

ఇప్పుడు ఉప్పు. సాఫ్ట్‌నర్‌లో రెజిన్ పూసలుంటాయి. అవి కాల్షియాన్ని పట్టుకుని సోడియాన్ని వదులుతాయి. కొన్నాళ్ళకు నిండిపోతాయి, ఉప్పు నీళ్ళతో కడిగితే మళ్ళీ పనిలోకొస్తాయి. అందుకే అడుగున ఉప్పు డబ్బా. మనది ఉప్పు పండే తీరం. ఇస్కపల్లి, చినగంజాం కొటార్ల ఉప్పు మన కళ్ళ ముందే ఉంటుంది, ఆవకాయకు అంతకంటే మంచిది లేదు. కానీ ఆ కల్లుప్పు డిష్‌వాషర్‌లో వేయొద్దు. అందులో మెగ్నీషియం, కాల్షియం లవణాలుంటాయి, కాస్త మట్టి కూడా ఉంటుంది. దేన్ని వదిలించుకోవాలనుకున్నామో దాన్నే తెచ్చి రెజిన్‌కు తినిపించినట్టు. ప్యాకెట్లో వచ్చే అయొడైజ్డ్ మెత్తటి ఉప్పూ పనికిరాదు. అది గడ్డకట్టకుండా కలిపే పదార్థం రెజిన్‌లో అడ్డం పడుతుంది, మెత్తటి పొడి ముద్దయి దారి మూసేస్తుంది. డిష్‌వాషర్ కోసమే అమ్మే గరుకు, శుద్ధమైన ఉప్పే వేయాలి.

మొదటిసారి డబ్బాలో ఒక లీటరు నీళ్ళు పోసి, ఆ పైన ఉప్పు నింపాలి. కిలో నుంచి కిలోన్నర పడుతుంది. నీళ్ళు పొంగి బయటికొస్తాయి, కంగారు పడొద్దు. మూత అంచున, రబ్బరు రింగు దగ్గర ఉన్న ఉప్పు రవ్వలు తుడిచి, మూత గట్టిగా బిగించి, వెంటనే ఒక ప్రోగ్రాం నడపాలి. రాత్రి ఉప్పు పోసి పొద్దున నడుపుదామనుకుంటే ఒలికిన ఉప్పునీళ్ళు రాత్రంతా స్టీలు మీద కూర్చుంటాయి. అడుగున తుప్పు చుక్కలు చాలావరకు ఇట్టానే మొదలవుతాయి.

గాజు గ్లాసు మీద తెల్లగా మసక కనిపిస్తే అక్కడ నాలుగు చుక్కలు నిమ్మరసం రుద్దండి. పోతే అది గార, సాఫ్ట్‌నర్ మెట్టు పెంచాలి. పోకపోతే గాజే అరిగిపోయింది, అది తిరిగి రాదు. గార కట్టిన యంత్రానికి మూడు నెలలకోసారి ఖాళీగా, 150 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) అడుగున చల్లి, అన్నిటికంటే వేడి ప్రోగ్రాం నడపండి. ఆ సారి డిటర్జెంట్ వేయొద్దు. బ్లీచింగ్ పౌడరు, బ్లీచు మాత్రం ఎప్పుడూ లోపలికి పోనీయొద్దు, క్లోరిన్ స్టీలును తినేస్తుంది.

ఒత్తిడి గురించి. యంత్రాన్ని బట్టి కనీసం 0.3 బార్ అయినా కావాలి. పది మీటర్ల ఎత్తు నీళ్ళు ఒక బార్. అంటే ట్యాంకులో నీటి మట్టం యంత్రం వాల్వుకు మూడు మీటర్ల పైన ఉండాలి. వాల్వు నేల దగ్గరే ఉంటుంది. ఒక అంతస్తు ఇల్లు, మిద్దె మీద ట్యాంకు నేరుగా కూర్చుని ఉంటే అది సరిగ్గా అంచున ఉన్న లెక్క. ట్యాంకు నిండుగా ఉన్న పొద్దున నడుస్తుంది, సాయంత్రానికి నీళ్ళు రావట్లేదని ఎర్రర్ చూపిస్తుంది. బాష్‌లో ఇ18, ఎల్జీలో ఐఈ అని వస్తుంది. ట్యాంకును మీటరు ఎత్తు దిమ్మె మీదికి ఎక్కించండి, లేదా చిన్న ప్రెషర్ పంపు పెట్టండి. పరీక్ష సులువు. కొళాయి దగ్గర గొట్టం విప్పి బకెట్ పెట్టి నిమిషం పట్టండి. పది లీటర్లు వస్తే తిరుగులేదు. తక్కువొస్తే ముందు గొట్టం మూతిలో ఉన్న చిన్న జాలీ తీసి చూడండి. బోరు ఇసుక అక్కడే పేరుకుంటుంది. పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పోతుంది. ఒక జాగ్రత్త. కొన్ని గొట్టాలకు కొళాయి వైపు లావాటి ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. దాంట్లో కరెంటు వాల్వు ఉంటుంది. దాన్ని నీళ్ళలో ముంచొద్దు, గొట్టం కోసి అతికించొద్దు.

(సభలో ఒకరు: గిన్నెలు ముందే కడిగి పెట్టాలా, అట్టానే పెట్టొచ్చా?)

కడగొద్దమ్మా, దులపండి. కడిగి పెడితే నీళ్ళూ పోయె, శ్రమా పోయె. దులపడం మాత్రం గట్టిగా దులపాలి. మన వంట ఈ యంత్రాలు పుట్టిన దేశాల వంట కాదు. చింతపండు పిప్పి, కరివేపాకు ఈనెలు, చేప ముళ్ళు, రొయ్య తొక్కలు, చేపల పులుసులో వేసిన మామిడి ముక్కల పీచు, ఇవి జాలీ పక్కనుంచి ఒక్కటి జారినా డ్రెయిన్ పంపులో ఇరుక్కుంటుంది. ఆవగింజ తిరిగే చేతి రంధ్రంలో సరిగ్గా కూర్చుంటుంది, అగ్గిపుల్లతో పొడిస్తేగానీ రాదు. గంజి ఎండిన అన్నం గిన్నె అయితే కాసేపు నానబెట్టండి, చాలు.

జాలీ వారానికి రెండుసార్లు తీసి కొళాయి కింద కడగండి. తిరిగి పెట్టేటప్పుడు టక్కున బిగిసిందా లేదా చూసుకోండి. జాలీ సరిగ్గా కూర్చోక పంపులు పోయినన్ని, ఇంకే కారణం వల్లా పోవు.

ఏవి పెట్టకూడదో కూడా చెప్పేస్తాను. సత్తు గిన్నెలు, అల్యూమినియం కుక్కరు నల్లబడతాయి, డిటర్జెంట్ క్షారం కాబట్టి. ఇత్తడి, రాగి, ఇనప పెనం, మట్టి దాక వద్దు. ఉదయగిరి కొయ్య గరిటెలు అసలొద్దు, ఆ వేడికి కొయ్య పగులుతుంది. మామూలు గిన్నెల సబ్బు, లిక్విడ్ ఒక్క చెంచా కూడా వేయొద్దు. నురగ పొంగి తలుపు కిందనుంచి కారి అడుగు పళ్ళెంలోకి చేరుతుంది.

నీళ్ళు బయటికి పోవట్లేదంటే, తమ్ముళ్ళూ, వరస ఇది. ప్లగ్గు పీకండి. కింది బుట్ట తీసి, జాలీని ఎడమకు తిప్పి పైకి లాగండి. మగ్గుతో, స్పాంజితో నీళ్ళు తోడేయండి. గుంట పక్కన చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది, చెంచాతో లేపితే కొన్ని మోడళ్ళలో ఊడి వస్తుంది, కొన్నిటికి స్క్రూ ఉంటుంది. చేతికి గ్లౌజు తప్పనిసరి. పగిలిన గ్లాసు పెంకులు అక్కడే ఉంటాయి. పంపు రెక్కను వేలితో తిప్పండి. ఆగి ఆగి, అయస్కాంతం పట్టి వదిలినట్టు తిరగాలి. అది మంచి లక్షణం. అసలు తిరగకపోతే ఏదో ఇరుక్కుంది. గాలి చక్రంలాగా వదులుగా తిరిగితే రెక్క ఇరుసు నుంచి ఊడింది, పంపు మార్చాలి. పంపు బాగుంటే గొట్టం. గొట్టం నేలనుంచి కనీసం 40 సెంటీమీటర్లు పైకెక్కి దిగాలి, మీటరుకు మించి ఎక్కకూడదు. సింకు పైపులోకి మరీ లోతుగా దోపితే లోపలి నీళ్ళు వాటంతట అవే జారిపోయి యంత్రం మాటిమాటికీ నీళ్ళు పట్టుకుంటూ ఉంటుంది. ఇంకొకటి, మన ఇళ్ళల్లో ఎలుకలు. అడుగున ఖాళీ ఉండి వెచ్చగా ఉంటుంది కాబట్టి చేరి గొట్టం కొరుకుతాయి. వెనక వైపు సన్నటి ఇనప వల బిగించండి.

అడుగు పళ్ళెంలో ఒక తేలే బెండు, దానికింద చిన్న స్విచ్చు ఉంటాయి. నీళ్ళు చేరితే బెండు లేచి యంత్రాన్ని ఆపేస్తుంది. బాష్‌లో ఇ15. చాలామంది యంత్రాన్ని ముందుకు వంచి నీళ్ళు ఒంపేసి, బాగైపోయిందని వెళ్ళిపోతారు. అది బాగు చేయడం కాదు. ఆ నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయి? పళ్ళెం తుడిచి, కింద పొడి కాగితాలు పరిచి, ఒక ప్రోగ్రాం నడిపి ఏ మూల తడుస్తుందో చూడండి. నీళ్ళు పట్టేటప్పుడు తడిస్తే వాల్వో, పక్క గోడలోని నీటి గదో. కడిగేటప్పుడు తడిస్తే తలుపు కింది రబ్బరు, లేదా సర్క్యులేషన్ పంపు ఇరుసు సీలు. సీలు కారడాన్ని వదిలేస్తే నీళ్ళు బేరింగులోకి వెళ్ళి రెండు నెలల్లో మోటారంతా పోతుంది. పోయేటప్పుడు మోగుతుంది, ఆ కీచుమనే శబ్దం విన్నప్పుడే విప్పాలి.

ఇప్పుడు కరెంటు దారి. నీళ్ళు చల్లగానే ఉంటున్నాయంటే హీటర్ కొలవండి. 2000 వాట్ల హీటర్‌కు 230 వోల్టుల దగ్గర 26 ఓమ్‌లు రావాలి. వోల్టేజీని వోల్టేజీతో గుణించి వాట్లతో భాగించడమే. ఆ పక్కనే మెగ్గర్‌తో, అంటే ఇన్సులేషన్ కొలిచే మీటరుతో, హీటర్‌కూ ఎర్త్‌కూ మధ్య చూడండి. ఒక మెగా ఓమ్ కంటే తక్కువైతే పైపొర చిల్లు పడింది, కరెంటు లీకైతే లైను ఆపేసే ఆర్‌సీసీబీ పడిపోవడానికి కారణం అదే. ఇన్‌లెట్ వాల్వు కాయిల్ మూడున్నర నుంచి నాలుగున్నర వేల ఓమ్‌లు. మామూలు ఏసీ డ్రెయిన్ పంపు నూట యాభై చుట్టుపక్కల, మోడల్‌ను బట్టి కాస్త అటూ ఇటూ. కొత్తవాటిలో డీసీ పంపులుంటాయి, వాటికి ఈ లెక్క కుదరదు.

ఇవన్నీ కొలిచాకే బోర్డు. ఎందుకంటే బోర్డు ఊరికే చావదు, దాన్ని ఎవరో చంపుతారు. కాయిల్ షార్టయిన పంపు, బోర్డు మీద దాన్ని నడిపే ట్రయాక్ అనే స్విచ్చు లాంటి భాగాన్ని కాల్చేస్తుంది. పంపు చూడకుండా కొత్త బోర్డు పెడితే మొదటిసారి నీళ్ళు తోడేటప్పుడు అదీ కాలుతుంది. ఇంటివాళ్ళకు రెండు బోర్డుల ఖర్చు. ఇది మన వృత్తిలో జరిగే పెద్ద అన్యాయం, దయచేసి మీరు చేయకండి. హీటర్‌ను ఆన్ ఆఫ్ చేసే రిలే కాళ్ళ దగ్గర టంకం పగిలి నల్లబడటం కూడా తరచూ చూస్తాం. రిలే మార్చి, టంకం మళ్ళీ పెడితే చాలు, బోర్డంతా మార్చక్కర్లేదు. తీరం గాలికి రాగి గీతలు పచ్చబడతాయి, కాబట్టి బాగుచేశాక బోర్డు మీద రక్షణ లక్క పూత ఒకటి కొట్టండి. బొద్దింకలు చేరిన బోర్డుకు కూడా అదే మందు.

(సభలో ఒకరు: స్టెబిలైజర్ పెట్టాలా?)

పెడితే మూడు కేవీఏకు తగ్గకూడదు, చిన్నది హీటర్ ఆన్ కాగానే కూర్చుంటుంది. అయితే తక్కువ వోల్టేజీ కంటే ఎక్కువ వోల్టేజీ ప్రమాదం. గాలివానకు స్తంభం మీద న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 400 దాకా రావచ్చు. దానికి వోల్టేజీ కటాఫ్, మీటరు పెట్టె దగ్గర సర్జ్ రక్షణ పెట్టుకోండి. ప్లగ్గు మాత్రం 16 ఆంపియర్లది, ఎర్తింగు ఉన్నది. ఇన్వర్టర్ లైను మీద పెట్టొద్దు.

(ఇంకొకరు: ఎనిమిదేళ్ళ యంత్రానికి విడిభాగాలు దొరకట్లేదు, ఎట్టా?)

యూరప్‌లో 2021 మార్చి నుంచి చట్టం ఉంది. మోడల్ అమ్మకం ఆగాక మోటారు, పంపులు, హీటర్, బోర్డు లాంటివి ఏడేళ్ళు మెకానిక్కులకు, రబ్బర్లు, జాలీలు, బుట్టలు, తిరిగే చేతులు పదేళ్ళు వాడేవాళ్ళకే దొరికేటట్టు చూడాలి. మన దగ్గర అంత గట్టి నియమం లేదు. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్ తెచ్చింది, కంపెనీల సర్వీసు వివరాలు అందులో చూడొచ్చు. కంపెనీ పట్టించుకోకపోతే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. మీరు చేయాల్సింది ఇంకోటుంది. తలుపు అంచున ఉన్న మోడల్ నంబరు చీటీని ఈరోజే ఫోటో తీసి పెట్టుకోండి. ఆవిరికి ఆ అక్షరాలు చెరిగిపోతాయి, నంబరు లేకపోతే సరైన పంపు దొరకదు. డ్రెయిన్ పంపులు చాలా కంపెనీలకు ఒకే రకం తయారీదారుల నుంచి వస్తాయి, పంపు మీద ఉన్న నంబరుతో వెతికితే వేరే పేరు మీద అదే దొరుకుతుంది. బుట్ట తీగల మీద పూత ఊడితే బుట్ట పారేయొద్దు, తుప్పు గీకి, పూత పేస్టు రాసి, రబ్బరు టోపీలు తొడగండి. ఆ తుప్పు రవ్వలే పంపు సీలును కోసేది.

వేసవి సెలవులకు నెల రోజులు ఊరెళ్తే కొళాయి కట్టేయండి, ప్లగ్గు తీసేయండి, తలుపు నాలుగు వేళ్ళ సందు తెరిచి ఉంచండి. తిరిగొచ్చాక నడిపే ముందు అడుగున రెండు గ్లాసుల నీళ్ళు పోసి గంటసేపు ఆగండి, ఎండి అతుక్కున్న సీలు మెత్తబడుతుంది.

కుర్రవాళ్ళు ఇట్టా బల్ల దగ్గరికి రండి. ఇక్కడ రెండు డ్రెయిన్ పంపులు పెట్టాం, ఒకటి మంచిది, ఒకటి రెక్క ఊడింది. కళ్ళు మూసుకుని వేలితో తిప్పి ఏది ఏదో చెప్పాలి.